మా మనుమరాలు చూపించిన మిషెల్ క్వాన్



మేము పల్లెటూరి వాళ్లము. కృష్ణా జిల్లాలో కాలువ గట్టు పక్కన ఊరు మాది. మాలో ఒకరు 32 సంవత్సరాలు తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యారు. మరొకరు ఇల్లు, రెండెకరాల పొలము, గేదెలు చూసుకున్నారు. మంచు అంటే మాకు తెలిసినది సంక్రాంతి ముందు తెల్లవారుజామున వరికుప్పల మీద పడేదే. ఐసు అంటే పెళ్లిళ్లకు టౌను నుండి ఊకలో కప్పి తెచ్చే దిమ్మ. అటువంటి మేము ఐసు మీద ఆడే ఆట గురించి వ్రాస్తున్నామంటే మీకు నవ్వు రావచ్చు. వ్రాయడానికి కూర్చున్నప్పుడు మాకూ వచ్చింది.

2019 నవంబరులో అమెరికాలో ఉన్న మా పెద్దమ్మాయి దగ్గరకు వెళ్లాము. అమ్మాయి అక్కడ మిషిగన్ రాష్ట్రంలో నర్సు. వారానికి మూడు రాత్రులు డ్యూటీ. అల్లుడుగారు తెల్లవారకముందే పనికి వెళ్లిపోతారు. బయట అడుగు పెడితే మోకాలి లోతు మంచు. మాకు తోడు పదకొండేళ్ల మనుమరాలు ఒక్కతే. దాని పిలుపునే ఇక్కడ వాడుకుంటాము, తాతయ్య, అమ్మమ్మ అని. లేకపోతే మాలో ఎవరేమన్నారో మీకు తికమకగా ఉంటుంది.

ఆ పిల్ల వారానికి మూడు రోజులు స్కేటింగు నేర్చుకునేది. ఐసు గచ్చు వేసిన పెద్ద షెడ్డులో నేర్పుతారు. మొదటి రోజు మేము రెండేసి స్వెట్టర్లు, మంకీ టోపీలు, పైన శాలువాలు కప్పుకొని వెళ్లి చెక్క బల్లల మీద ముడుచుకొని కూర్చున్నాము. ఆ ఐసు గచ్చు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు అని మనుమరాలు చెప్పింది. అమ్మమ్మ వేళ్ల మీద లెక్కగట్టి "నలభై నాలుగు సెంట్లు" అన్నది. మా పాత కల్లం దొడ్డి కూడా అంతే.

ఈ ఆటకు వేసుకొనే బూటు కింద ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. కత్తిపీటకు ఒకటే పదును కదా, దీనికి రెండు అంచులు, మధ్యలో సన్నని గాడి. ఆటగత్తె తన బరువంతా ఏదో ఒక అంచు మీదకు వాల్చి వంపులు తిరుగుతూ జారుతుంది. ఆ రెండు అంచులలో ఏది ఎప్పుడు వాడాలన్నదే సగం విద్య. వాన వెలిసిన తరువాత నెత్తి మీద గడ్డిమోపుతో చేలగట్టు మీద నడిచిన ఆడవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇక గాలిలోకి ఎగిరి మూడు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగడము ఉన్నది. అది సెకనులోపే అయిపోతుంది. మేము తుమ్మేలోగా అయిపోయినవి చాలా ఉన్నాయి.

మనుమరాలి గదిలో గోడ మీద ఒకే ఒక బొమ్మ ఉండేది. చైనావారి ముఖము గల ఒక అమ్మాయి ఒంటికాలి మీద నిలిచి, రెండవ కాలు వెనుకకు తలకంటె ఎత్తుకు లేపి, చేతులు రెండూ చాపి జారిపోతున్న బొమ్మ. పేరు మిషెల్ క్వాన్. మనుమరాలు పుట్టకముందే పోటీలకు వెళ్లడము మానేసిన ఆటగత్తె. మరి దీనికి ఎలా తెలిసింది? ఐసు మీద దీనికి నేర్పే టీచరమ్మ చిన్నతనములో ఆమెను చూసి ఈ ఆటలోకి వచ్చినదట. అక్కడ బల్లల మీద మాతో కూర్చునే తల్లులూ ఆ కాలపు పిల్లలే. వారిలో ఇద్దరు కలిస్తే చాలు, మిషెల్ ఆటలలో నీకు ఏది ఎక్కువ ఇష్టము అన్న మాట వచ్చేది. ఒకామె 1998 అంటుంది, మరొకామె 2000 అంటుంది. మన ఊళ్లలో సావిత్రి సినిమాలలో ఏది గొప్పదని అరుగుల మీద వాదించుకున్నట్టే.

ఆ వాదన మా ఇంట్లోకి కూడా వచ్చింది. రాత్రి భోజనాలైన తరువాత మనుమరాలు టీవీలో ఆ పాత ఆటలు ఒక్కొక్కటే పెట్టేది.

మిషెల్ 1980 జూలైలో కాలిఫోర్నియాలో పుట్టింది. తల్లిదండ్రులు హాంకాంగు నుండి వలస వచ్చినవారు. తండ్రి టెలిఫోను కంపెనీ ఉద్యోగి. ఇద్దరు ఆడపిల్లల స్కేటింగు ఖర్చు భరించలేక వాళ్లు సొంత ఇల్లు అమ్ముకున్నారు. ఈ సంగతి విన్నప్పుడు మేమిద్దరమూ ఒకరి ముఖము ఒకరము చూసుకున్నాము. ఎందుకో తరువాత చెబుతాము. ఆమె మెడలో ఎప్పుడూ చిన్న గొలుసు ఒకటి కనబడుతుంది. వాళ్ల అవ్వ ఇచ్చినది. అమ్మమ్మకు ఆ అమ్మాయి మీద అభిమానము మొదలైనది ఆ గొలుసు దగ్గరే.

పిల్లప్పుడు బుద్ధిమంతురాలే గాని తొందర ఎక్కువ. 12 ఏళ్ల వయసులో, గురువు ఫ్రాంక్ కారల్ ఊరిలో లేని సమయము చూసి, ఆయనకు చెప్పకుండా వెళ్లి పెద్దల తరగతి పరీక్ష ఇచ్చి ప్యాసైనది. ఆయనకు కోపము వచ్చినదట. రాదా మరి? పంతులుగా పనిచేసిన మాలోని వ్యక్తి ఆ గురువు పక్షమే వహించారు.

మొదట మనుమరాలు చూపించినది 1996 మార్చిలో కెనడాలోని ఎడ్మంటన్ పట్టణములో జరిగిన ప్రపంచ పోటీ. ఆటకు తీసుకున్న కథ సలోమే! 15 ఏళ్ల పిల్ల కళ్లకు కాటుక, పెదవులకు రంగు, జడ చుట్టిన కొప్పు. తాతయ్య కుర్చీలోనుండి లేచారు. బాప్తిస్మమిచ్చు యోహాను తల పళ్లెములో అడిగిన పిల్ల కథ ఆటకు తగునా అని. అప్పుడు మా ఇంట్లో బైబిలు తెరిచి పెద్ద చర్చే జరిగింది. మత్తయిలోను మార్కులోను హేరోదియ కుమార్తె అని మాత్రమే ఉన్నది, పేరు లేదు. సలోమే అన్న పేరు యూదుల చరిత్రకారుడు జోసీఫస్ వ్రాసినది. సువార్తలో సలోమే అను పేరుతో ఉన్న స్త్రీ వేరు, ఆమె సుగంధ ద్రవ్యములు కొని సమాధి దగ్గరకు వెళ్లిన స్త్రీలలో ఒకతె. "అయితే పేరు పాడైనది ఆ మంచి ఆమెదా?" అని మనుమరాలు అడిగింది. పంతులుగారి దగ్గర జవాబు లేదు.

ఆ వేషము వెనుక ఒక కారణము ఉన్నది. అంతకు ముందు ఏడు, 1995లో, ఆ అమ్మాయి తప్పు లేకుండా ఆడినా ప్రపంచ పోటీలో నాలుగవ స్థానమే వచ్చింది. చిన్నపిల్లలాగా ఉన్నది, పెద్ద ఆటగత్తెలా లేదు అన్నట్టు న్యాయనిర్ణేతలు చూశారని గురువుకు అనిపించి, మరుసటి ఏడు రూపమే మార్చారు. ఎడ్మంటన్‌లో ఆమె వంతు రాకముందే అప్పటి ఛాంపియను, చైనా దేశపు చెన్ లూ, అద్భుతముగా ఆడి వెళ్లింది. ఆ కాలములో ఒక్కొక్క న్యాయనిర్ణేత రెండేసి మార్కులు వేసేవారు, విద్యకు ఒకటి, అందానికి ఒకటి. అత్యధికము 6.0. చెన్ లూకు ఆ 6.0లు కూడా పడ్డాయి. అప్పుడు ఈ పిల్ల ఏమి చేసిందంటే, ఆట చివరిలో రెండు చుట్ల ఎగురు ఉండవలసిన చోట, నాలుగు నిమిషాల ఆయాసము మీద, మూడు చుట్ల ఎగురు ఎగిరింది. గెలిచింది. తాతయ్య సలోమేను క్షమించలేదు గాని ఆ చివరి ఎగురును మాత్రము నాలుగుసార్లు వెనక్కు తిప్పించుకొని చూశారు.

మరుసటి ఏడు ఆట పేరు తాజ్ మహల్. మన దేశపు పేరు వినగానే మేము సర్దుకొని కూర్చున్నాము. ఒంటికాలి మీద జారుతూ, లేపిన కాలు దించకుండానే, కింది కాలి బరువును ఒక అంచు నుండి రెండవ అంచుకు మార్చడము ఆమె ఆ ఆటలోనే చూపించింది. గోడ మీద బొమ్మ అదే. తరువాత అది ఆమెకు ముద్రగా నిలిచిపోయింది. కాని అదే తాజ్ మహల్ ఆడుతూ 1997లో అమెరికా జాతీయ పోటీలో పడిపోయింది. 14 ఏళ్ల టారా లిపిన్‌స్కీ గెలిచింది.

ఇప్పుడు అమ్మమ్మకు ఇష్టమైన ఆట. 1998 జనవరి, ఫిలడెల్ఫియా, అమెరికా జాతీయ పోటీ. అంతకు కొన్ని నెలల ముందు మిషెల్ ఎడమ పాదము వేలి ఎముకలో చీలిక వచ్చి కొంతకాలము ఆట ఆపవలసి వచ్చింది. ఆమె ఎంచుకున్న సంగీతము పేరు లైరా ఆంజెలికా. విలియం ఆల్విన్ అనే ఇంగ్లీషు సంగీతకర్త సితారా, తంతివాద్యములకు కట్టినది. సితారా అంటే దావీదు వాయించిన జాతి వాద్యమే, ఇప్పటిది మనిషెత్తు ఉంటుంది. ఆ సంగీతానికి ప్రేరణ 1610లో జైల్స్ ఫ్లెచర్ అనే కవి క్రీస్తు విజయము మీద వ్రాసిన కావ్యము. మేము ఇది మనుమరాలి పుస్తకములో చదివి తెలుసుకున్నాము. అమెరికాలో ఆ రోజు చప్పట్లు కొట్టినవారిలో ఎంతమంది ఆ కావ్యము తలచుకొని ఉంటారు?

నీలము గౌను, పెద్ద అలంకారము లేదు. సలోమేలో ఉన్న పట్టుదల ముఖము ఇక్కడ లేదు. ఎగురుకు ముందు ఇదిగో ఎగురుతున్నాను అన్న హడావుడి లేదు, దిగిన తరువాత హమ్మయ్య అన్న నిట్టూర్పు లేదు. అమ్మమ్మ మాటలలో చెప్పాలంటే, పాలు పొంగి పొయ్యిలో పడకుండా అంచు దాకా వచ్చి నిలబడినట్టు ఆడింది. చివరిలో గుండ్రముగా తిరిగి తిరిగి ఆగేసరికి జనమంతా నిలబడి ఉన్నారు. మొదటి రోజు చిన్న ఆటకు తొమ్మిది మంది న్యాయనిర్ణేతలలో ఏడుగురు అందానికి 6.0 వేశారు. ఈ రెండవ ఆటకు ఎనిమిది మంది వేశారు. రెండు ఆటలకు కలిపి పదిహేను. పంతులుగారికి మార్కుల మీద గౌరవము మెండు కనుక, తొమ్మిదవ ఆయన ఎందుకు వేయలేదని చాలాసేపు బాధపడ్డారు.

మరుసటి నెలలో జపానులోని నగానోలో ఒలింపిక్స్. అదే సంగీతము, అదే పిల్ల. ఒక్క తప్పు కూడా లేదు. కాని చూస్తుంటే నిండు బిందె తొణకకూడదని నడిచినట్టు ఉన్నది. తరువాత వచ్చిన 15 ఏళ్ల టారా గంతులు వేస్తూ, నవ్వుతూ, భయమన్నది లేకుండా ఆడేసింది. తొమ్మిది మందిలో ఆరుగురు టారాకు, ముగ్గురు మిషెల్‌కు మొగ్గు చూపారు. మిషెల్‌కు వెండి పతకము. అది అన్యాయమని అక్కడి తల్లులలో కొందరు ఇప్పటికీ అంటారు. మేము రెండూ వెంట వెంటనే పెట్టించుకొని చూశాము. అన్యాయమని మాకు అనిపించలేదు. ఫిలడెల్ఫియా మిషెల్ నగానోకు వచ్చి ఉంటే గెలిచేది, అంతే.

తాతయ్యకు నచ్చినది వేరు. 2003లో వాషింగ్టన్ నగరములో అరాన్హుయెజ్ సంగీతానికి ఆడి ఐదవసారి ప్రపంచ ఛాంపియను అయిన ఆట. అప్పటికి 22 ఏళ్లు. చిన్నప్పటి తొందర ఎక్కడా లేదు. బడి చివరి గంట ఎప్పుడు కొడతారో ఎదురుచూడని మనిషిలాగా ఉన్నది, అని ఆయన వర్ణన. 2004లో అట్లాంటాలో టోస్కా సంగీతానికి ఆడినది కూడా చాలామందికి ఇష్టమే, దానికి ఏడు 6.0లు వచ్చాయి. 2005 వరకు ఆమె మొత్తము తొమ్మిదిసార్లు అమెరికా ఛాంపియను. అయితే ఈ లెక్కలు చదువుకొనేవారు పుస్తకాలలో చదువుకోవచ్చు. మా కథ ఇక్కడ వేరే దారి పట్టింది.

2020 జనవరిలో మనుమరాలికి అక్కడి పిల్లల పోటీ ఒకటి వచ్చింది. రెండు నిమిషాల ఆట. పిల్ల రెండుసార్లు పడింది. రెండవసారి పడినప్పుడు లేవడానికి కొంచెము సమయము పట్టింది, సంగీతము ముందుకు వెళ్లిపోయింది, ఆ మిగిలినది సంగీతము వెనుక పరుగెత్తినట్టు ఆడింది. ఎనిమిది మంది పిల్లలలో ఎనిమిదవ స్థానము. మేము బల్ల మీద తలలు దించుకొని కూర్చున్నాము. ఏమి చెప్పాలా, ఎలా మందలించాలా, ఇంత డబ్బు, ఇంత చలి, ఇన్ని తెల్లవారుజాములు, ఇవన్నీ మా నోటి దాకా వచ్చాయి. ఇంతలో మా పెద్దమ్మాయి, రాత్రి డ్యూటీ నుండి నిద్ర లేకుండా వచ్చిన మనిషి, గబగబా కిందికి వెళ్లి పిల్ల బూట్ల తాళ్లు విప్పుతూ, "కాళ్లు బాగా చల్లబడ్డాయా అమ్మలూ? ఏం తింటావు?" అని అడిగింది. అంతే. ఇంకొక మాట లేదు. ఇంటికి వచ్చేదాకా లేదు.

ఆ రాత్రి పిల్ల పడుకొన్న తరువాత అమ్మాయిని అడిగాము. "నీకు కోపము రాలేదా?" అని.

అమ్మాయి జవాబు చెప్పకుండా టీవీ పెట్టింది. "మీరిద్దరూ ఇన్నాళ్లుగా వాదించుకుంటున్నారు గదా, నాకు ఏది ఇష్టమో ఒక్కసారి కూడా అడగలేదు" అన్నది.

నిజమే. అడగలేదు.

అది 2002 ఫిబ్రవరి, సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్. మిషెల్ అప్పటికి చిరకాలపు గురువును వదిలి, గురువు లేకుండానే వచ్చింది. సొంత దేశములో పోటీ. మొదటి రోజు ఆటకు ప్రథమ స్థానములో ఉన్నది. రెండవ రోజు, ఒక ఎగురు నుండి దిగినప్పుడు రెండు కాళ్లూ ఐసుకు తగిలాయి, మరొక ఎగురులో చేతుల మీద పడింది. నాలుగవ స్థానములో ఉన్న 16 ఏళ్ల శారా హ్యూజ్ ఏ బరువూ లేకుండా ఆడి బంగారము పట్టుకుపోయింది. రష్యా అమ్మాయి ఇరీనా స్లుట్‌స్కయాకు వెండి. మిషెల్‌కు కంచు. నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియను అయిన మనిషికి, కోట్లమంది చూస్తుండగా, మూడవ స్థానము.

మా పెద్దమ్మాయికి ఇష్టమైనది ఆ ఆట కాదు, దాని తరువాతిది. ఒలింపిక్స్ ముగిసే ముందు గెలిచినవారంతా మార్కులు లేకుండా, పోటీ లేకుండా ఆడి చూపిస్తారు. మిషెల్ దానికి ముందే బంగారు రంగు గౌను తెచ్చుకున్నది. పాట ఫీల్డ్స్ ఆఫ్ గోల్డ్, బంగారు చేలు అని. పాడిన ఈవా కాసిడీ 1996లో 33 ఏళ్లకే క్యాన్సరుతో చనిపోయిన గాయని. బ్రతికి ఉండగా ఆమెను ఎరిగినవారు తక్కువ. చనిపోయిన తరువాత ఆ గొంతు లోకమంతా వినబడింది. బంగారము రాని అమ్మాయి, బంగారు గౌను వేసుకొని, బంగారు చేల పాటకు ఐసు మీదికి వచ్చింది. గౌను మార్చుకోలేదు. పాట మార్చుకోలేదు. ఆ కాలు లేపి జారడము మెల్లగా, ఎంతో మెల్లగా చేసింది. చివరికి వచ్చేసరికి కళ్ల నిండా నీళ్లు. తుడుచుకోకుండానే ఆడింది.

మాకు వరి కోతలకు ముందు మా చేను జ్ఞాపకము వచ్చింది. అమ్మాయికి వేరేది జ్ఞాపకము వచ్చినదట.

"ఇది చూసినప్పుడల్లా చెల్లి గుర్తొస్తుంది నాన్నా. అదే ఏడు" అన్నది.

ఆ మాట అర్థము కావడానికి మా ఇంటి సంగతి మీకు చెప్పాలి. 2002లో మా చిన్నమ్మాయి ఎంసెట్ వ్రాసింది. దాని కోచింగు కోసము మేము 50 సెంట్ల పొలము అమ్మాము. మిషెల్ తల్లిదండ్రులు ఇల్లు అమ్మిన మాట విన్నప్పుడు ముఖాలు చూసుకున్నామని చెప్పాము కదా, ఇందుకే. అంతటితో ఆగలేదు. ఫలితాలు రాకముందే సంఘములో నిలబడి, మా అమ్మాయి డాక్టరవుతుంది, ప్రార్థించండి అని చెప్పుకున్నాము. ప్రార్థన మనవిలాగా చెప్పాము గాని అది గొప్పే. కొద్ది మార్కుల తేడాతో సీటు రాలేదు. మాలో తండ్రియైనవారు ఆ పిల్లతో పదకొండు రోజులు మాట్లాడలేదు. తల్లియైనవారు మాట్లాడారు, మాట్లాడకపోయినా బాగుండేది. "మా పరువు కాలువలో కలిపావు" అని చుట్టాల ఎదుట అన్నారు. రెండు ఆదివారాలు గుడికి కూడా వెళ్లలేదు, ఎవరైనా అడుగుతారని. ఆ రోజులలో ఆ పిల్ల అన్నము కంచము పట్టుకొని వంటింటి గుమ్మము దగ్గర ఒక్కతే కూర్చొని తినేది. పెద్దమ్మాయి అప్పుడు నర్సింగు చదువుతూ సెలవులకు వచ్చి ఇదంతా చూసింది.

చిన్నమ్మాయి తరువాత బి.ఎస్సీ., బి.ఎడ్. చదివి ప్రభుత్వ పాఠశాలలో సైన్సు టీచరైంది. మా మండలానికి పక్క మండలమే. ఇద్దరు మగపిల్లలు. పండుగలకు వస్తుంది, మందులు తెచ్చిపెడుతుంది, ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. అందువలన అది మరిచిపోయిందని మేము అనుకున్నాము. అలా అనుకోవడము మాకు అనుకూలముగా ఉన్నది.

ఫిబ్రవరి చివర మేము తిరిగి వచ్చాము. మార్చిలో కరోనా వలన బడులు మూశారు. చిన్నమ్మాయి పిల్లలను తీసుకొని మా ఇంటికి వచ్చి, లాక్‌డౌనులో ఇక్కడే చిక్కుకుపోయింది. ఒక సాయంత్రము వసారాలో కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. తాతయ్య ఫోను తీసి, మీ అక్క కూతురు చూపించింది చూడు అంటూ ఆ బంగారు గౌను ఆట పెట్టారు. పెట్టిన తరువాత చేతులు వణికాయి. కావాలని పెట్టినదే అది.

చిన్నమ్మాయి చేతిలో కాయ పట్టుకొని చివరి వరకు చూసింది.

"ఏడుస్తోందేం?"

"గెలుస్తుందనుకున్నారమ్మా. మూడవ స్థానము వచ్చింది."

"ఇది ఏ సంవత్సరము?"

"రెండు వేల రెండు."

అమ్మాయి తల దించుకొని మళ్లీ ఈనెలు తీయడము మొదలుపెట్టింది. రెండు మూడు కాయలు అయ్యాయి. అప్పుడు అమ్మమ్మ, ఎదురుగా మెట్టు మీద కూర్చున్నది, లేచి వెళ్లి పక్కన కూర్చొని, "పదకొండు రోజులు మీ నాన్న మాట్లాడలేదు. నేను అనరాని మాట అన్నాను. మేము నిన్ను క్షమించమని ఎప్పుడూ అడగలేదే తల్లీ" అన్నది. తాతయ్యకు గొంతు పెగలలేదు. 32 ఏళ్లు పాఠము చెప్పిన గొంతు. "అవునమ్మా" అని మాత్రము అనగలిగారు.

"పదకొండు కాదు నాన్నా, పన్నెండు" అన్నది అమ్మాయి. "పన్నెండో రోజు పొద్దున్న కాఫీ తాగావా అని అడిగావు."

తరువాత చాలాసేపు ఎవరమూ ఏమీ అనలేదు. మనుమలిద్దరూ వీధిలో నుండి లోపలికి వచ్చి, అందరూ ఎందుకు ఏడుస్తున్నారని అడిగి, జవాబు రాక మళ్లీ బయటికి పోయారు. అమ్మాయి కొంగుతో ముఖము తుడుచుకొని, "మళ్లీ పెట్టు. కాలు అంత ఎత్తుకు లేపి అన్నిసేపులు ఎలా నిలబడింది? సరిగా చూడలేదు" అన్నది. ఆ చిన్న ఫోను చుట్టూ ముగ్గురము తలలు చేర్చి మళ్లీ చూశాము. చిక్కుడుకాయలు ఆ పూట వండనే లేదు.

మిషెల్ ఒలింపిక్స్ బంగారము ఇక గెలవలేదు. 2006లో ఇటలీలోని ట్యూరిన్‌కు వెళ్లి కూడా, గజ్జ దగ్గర నరము పట్టి, పోటీకి ముందే తప్పుకొని తన చోటును శారా హ్యూజ్ చెల్లెలు ఎమిలీకి వదిలింది. పైచదువులు చదువుకొని, 2022 నుండి 2025 జనవరి వరకు బెలీజ్ దేశములో అమెరికా రాయబారిగా పనిచేసింది. మా మనుమరాలు ఇప్పటికీ స్కేటింగు చేస్తున్నది. ఆ తరువాత కూడా పడింది. వాళ్ల అమ్మ ఏం తింటావు అనే అడుగుతుంది.

చిన్నమ్మాయి లాక్‌డౌను రోజులలో మిగిలిన ఆటలన్నీ వరుసగా చూసింది. తన ఓటు 2000 సంవత్సరములో ఫ్రాన్సు దేశపు నీస్ పట్టణములో ఆడిన రెడ్ వయొలిన్ ఆటకు. చిన్న ఆట తరువాత మూడవ స్థానములో ఉండి, చివరి ఆటలో ఏడు మూడుచుట్ల ఎగుళ్లు ఎగిరి ఛాంపియను అయిన ఆట అది. ఎర్ర గౌను. అమ్మమ్మ ఒప్పుకోలేదు, ఆమె ఇప్పటికీ ఫిలడెల్ఫియా దగ్గరే ఉన్నది. తాతయ్య 2003ను వదలరు. పెద్దమ్మాయి ఆదివారము ఫోను చేసినప్పుడు నాలుగు వైపుల నుండీ ఒకేసారి మాట్లాడతాము, ఎవరి మాట ఎవరికీ వినబడదు.